తాలింపులో తులసి: ఒక కప్రావ్ డైరీ

జూన్ 7, శనివారం

మా సందు మొదట్లో రేకుల పందిరి కింద ఒక పెద్దావిడ కొట్టుంది. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక గ్యాస్ పొయ్యి, కాలి కాలి నల్లబడ్డ ఒక మూకుడు. అందరూ ఆమెను ‘పా’ అంటారు. అమ్మకైనా నాన్నకైనా అక్క వరస. మన లెక్కలో పెద్దమ్మ అనుకోండి. ఈ ఊళ్లోనూ మనలాగే ముక్కూ మొహం తెలియని మనిషినైనా వరస పెట్టే పిలుస్తారు. బ్యాంకాక్ వచ్చిన ఈ రెండేళ్లలో నా శనివారం మధ్యాహ్నాలు చాలావరకు ఆ స్టూళ్ల మీదే గడిచాయి. చెప్పేదీ ఒకటే: కప్రావ్ కై, ఖై దావ్. వేడన్నం, పక్కన ఘాటైన కోడి కైమా వేపుడు, పైన అంచులు కరకరలాడే గుడ్డు. 50 బాత్, గుడ్డుకి ఇంకో 10.

కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు. స్వరం ఒకటే, తేడా అంతా ఆ ఒత్తులోనే. మొదటి నెలంతా ఒత్తు పలక్క, గుడ్డు అడిగితే ఇంకో ముద్ద కోడి తెచ్చి పెట్టేది. క ఖ గ ఘ అంటూ పలక మీద దిద్దించిన మాస్టారి విలువ అప్పుడు తెలిసొచ్చింది.

పోయిన వారం పా కొట్టు మూసేసి ఖోన్ కేన్ వెళ్లిపోయింది. కూతురికి కాన్పు. రెండు నెలలదాకా రాదని పక్కన పళ్లమ్మే ఆవిడ చెప్పింది. థాయి వాళ్లు ఈ వంటను ‘మెనూ సిన్ ఖిత్’ అని వేళాకోళం చేస్తారు. ఏం తినాలో బుర్రకి తోచనివాడు చెప్పే ఆర్డరని. మనింట్లో ఏమీ తోచకపోతే టమాటా పప్పు పెట్టేసినట్టు. అంత మామూలు వంట ఇంట్లో చేసుకోలేనా అని ఇవాళ దిగాను.

మా సరంజామా: ఇండక్షన్ పొయ్యి, ఒక నాన్‌స్టిక్ పెనం, హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన మిక్సీ. మేముండే భవనంలో గ్యాస్ పెట్టుకోనివ్వరు. ఇంగ్లీషులో దొరికిన వంట వివరాల్లో ‘థాయ్ బేసిల్’ అని ఉంది. ఆన్ నుట్ బజారుకెళ్లి ఫోన్లో ఆ ఫొటో చూపించాను. ఆకుకూరలమ్మే ఆవిడ నిగనిగలాడే ఆకుల కట్ట ఒకటి చేతిలో పెట్టింది. ఊదారంగు కాడలు, దిటవైన ఆకులు, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

అరకిలో కోడి కైమా ఒకేసారి పెనంలో పోశాను. అది వేగలేదు, ఉడికింది. బూడిదరంగు నీళ్లలో ముద్దలు ముద్దలుగా తేలుతుంటే పదిహేను నిమిషాలు గరిటెతో తిప్పుతూ నిలబడ్డాను. చివర్లో ఆకు వేయగానే సోంపు వాసన గుప్పుమంది. మా ఆవిడ వాసన చూసి, “బాగానే ఉంది కానీ, హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే సోంపు ప్లేటు ఇందులో ఒలికిపోయినట్టుంది” అంది.

జూన్ 9, సోమవారం

ఆఫీసులో ఒక థాయి సహోద్యోగికి ఫొటో చూపించాను. నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కొన్నది హోరఫా. పచ్చ కూరల్లో, అంటే కొబ్బరిపాల గ్రీన్ కర్రీలో వేసేది. మనం షర్బత్‌లో, ఫలూదాలో వేసుకునే సబ్జా గింజలిచ్చే మొక్కకి ఇది సొంత చెల్లెలు. ఇంగ్లీషులో దీన్నే థాయ్ బేసిల్ అంటారు. కప్రావ్ వేరే మొక్క. దాన్ని ఇంగ్లీషులో హోలీ బేసిల్ అంటారు. థాయిలాండ్ బయట చాలాచోట్ల కప్రావ్ దొరకడం కష్టం కాబట్టి హోటళ్లు హోరఫాతో నెట్టుకొచ్చేస్తాయి, పేరు మాత్రం మార్చరు. అందుకే ‘థాయ్ బేసిల్ వేపుడు’ అన్న ఇంగ్లీషు పేరు నమ్మి బజారుకెళ్తే నాకు పట్టిన గతే పడుతుంది.

ఆమె ఇంకో మాట చెప్పింది. “పత్ అంటే వేపడం. కప్రావ్ అంటే ఆ ఆకు. వంట పేరే ఆకు పేరు. ఆకు మారిస్తే అది ఇంకో వంట.” గోంగూర లేకుండా గోంగూర మాంసం అన్నట్టు. నాకు వెంటనే అర్థమైంది.

జూన్ 14, శనివారం

ఈసారి ఫొటోలు లేవు. “బై కప్రావ్” అని నోటితోనే అడిగాను. బై అంటే ఆకు. బజార్లో మాట్లాడేటప్పుడు మధ్యలో రకారం మింగేసి ‘కపావ్’ అంటారు, అలాగే అన్నాను. 10 బాత్‌లకి తడిగుడ్డలో చుట్టిన కట్ట వచ్చింది. పోయిన వారం కొన్న సుందరి ముందు ఇది వెలవెలబోతోంది. పల్చటి ఆకు, రంపపు అంచు, కాడ నిండా సన్నటి నూగు, అక్కడక్కడా వడలిన రెమ్మలు.

ఇంటికొచ్చి సింకు దగ్గర కట్ట విప్పి ఒక రెమ్మ తుంచాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ వాసన నాకు ఐదేళ్ల వయసు నుంచి తెలుసు. రామాలయంలో పూజారిగారు ఉద్ధరిణెతో అరచేతిలో పోసే తీర్థం. ఏకాదశినాడు అమ్మ చేతివేళ్లు. ఆకుని వెలుగుకేసి తిప్పి చూశాను. వెన్ను చూశాను, వరసలు వరసలుగా పేర్చిన గోపురంలా చిన్న చిన్న పువ్వులు. ఇదేదో వేరే మొక్క అనుకోడానికి దారే లేదు. బాల్కనీలోకెళ్లి మా ఆవిడ రోజూ నీళ్లు పోసే కుండీలోంచి రాలిన ఆకు ఒకటి తెచ్చి పక్కన పెట్టాను. మా కుండీది కాస్త నల్లటి కృష్ణతులసి, బజారుది లేతాకుపచ్చ. అంతే తేడా. రెండూ ఒకే జాతి, వృక్షశాస్త్రంలో రెండింటికీ పేరు ఓసిమమ్ టెన్యుయిఫ్లోరమ్. రెండేళ్లుగా పా కొట్టు దగ్గర లొట్టలేసుకుంటూ తిన్నది తులసాకు. నూనెలో ముడుచుకుపోయి నల్లబడ్డాక పోల్చుకోలేకపోయాను.

మా ఆవిడకి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఒక కట్టుబాటు పెట్టింది: “కుండీలోది తులసి. సంచిలోది కప్రావ్. ఆ రెండూ కలవకూడదు.” నాకు సబబుగానే తోచింది.

వంట విషయానికొస్తే, ఈసారి 200 గ్రాములే వేశాను. ఇండక్షన్ పొయ్యి సెగ వీధికొట్టు మంటలా ఎగిసిపడదు. సెగ పెంచలేనప్పుడు కూర తగ్గించుకోవాలి. పెనం అంతా పల్చగా పరచుకునేంత మాంసమైతే నీళ్లు ఊరినవి ఊరినట్టే ఇగిరిపోతాయి. ఎక్కువైతే ఆవిరి బయటికి పోయే దారి లేక అందులోనే ఉడుకుతుంది. ఈ ఒక్క మార్పుతో సగం వంట దారిన పడింది.

మిగతా సగం మిక్సీ చెడగొట్టింది. వెల్లుల్లి, మిరపకాయలు అందులో వేసి తిప్పితే పల్చటి ముద్దయింది. నూనెలో పడగానే ముద్ద అంటుకుపోయి, మాడి, చేదెక్కింది. ఘాటు మాత్రం ఇల్లంతా నిండింది. తలుపు కింద సందులోంచి వరండాలోకి కూడా పాకింది. ఎదురింట్లో ఎవరో దగ్గడం వినపడింది. సాయంత్రానికి భవనం ఆఫీసు నుంచి మర్యాదగా ఒక చీటీ వచ్చింది: వంట చేసేటప్పుడు దయచేసి తలుపు వేసుకుని, కిటికీ తెరుచుకోవలెను.

జూన్ 15, ఆదివారం

వారం వారం చేసే ఫోన్లో అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

“తులసమ్మని కోడికూరలో వేశావురా?”

“అమ్మా, ఇక్కడ ఇది ఆకుకూరే. బజార్లో తోటకూర పక్కనే పెట్టి అమ్ముతారు.”

“అమ్మితే?”

“నువ్వు మాత్రం జలుబు చేస్తే కషాయం కాయవూ? మిరియాలూ అల్లం వేసి.”

“అది మందురా.”

“ఇదీ మందే అనుకోవే. ఘాటుకి ముక్కులు వదిలిపోయాయి.”

“మందులో కోడి ఉంటుందట్రా?” అని అడిగి, ఒక్క క్షణం ఆగి, “ఆదివారం పూట కోయలేదు కదా?” అంది. శనివారమే, అదీ కొన్నదేనని చెప్పాను. కొంచెం స్థిమితపడ్డట్టే ఉంది. ఫోన్ పెట్టేముందు, “ఎలా ఉంటుంది రుచి?” అని మెల్లిగా అడిగింది.

ఎలా ఉంటుందంటే, లవంగం కొరికినట్టు ఉంటుంది. తులసిలోనూ లవంగంలోనూ యూజినాల్ అనే తైలం ఉంటుంది. పంటినొప్పికి పెట్టే లవంగనూనె వాసన అదే. దాంతో పాటు మిరియంలాంటి ఒక కారం నాలుక చివర మిగులుతుంది. సోంపుకీ దీనికీ పోలికే లేదు. హోరఫా తియ్యగా పలకరిస్తే కప్రావ్ గిల్లుతుంది.

జూన్ 21, శనివారం

రోలు కొన్నాను. ఇక్కడ రెండు రకాలు. సోమ్ తమ్, అంటే పచ్చి బొప్పాయి సలాడ్ దంచే మట్టిరోలు లోతుగా ఉంటుంది, రోకలి చెక్కది. కారాలు నూరుకోడానికి నల్లరాతి రోలు. చోన్‌బురి దగ్గరి ఆంగ్ సిలా రాతిరోళ్లకి పేరున్న ఊరు. నేను కొన్నది అక్కడిదేనని అమ్మినవాడు ఒట్టేశాడు. 600 బాత్. మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఎదుటి సీట్లో ముసలాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు.

రోల్లో దంచినదానికీ మిక్సీ ముద్దకీ ఏమిటి తేడా అని మా ఆవిడ అడిగింది. చూపించాను. మిక్సీ నరికి నీరు చేస్తుంది. రోలు చిదిపి వదిలేస్తుంది. ఏడెనిమిది చిన్న వెల్లుల్లి రెబ్బలు, ఇక్కడివి పొట్టు పల్చగా ఉంటాయి కాబట్టి పొట్టుతోనే వేసేయొచ్చు. చిటికెడు ఉప్పు వేస్తే జారకుండా నలుగుతాయి. మిరపకాయలు వేశాక ఒక చేత్తో రోలు మూతిని కప్పుకుంటూ దంచాలి, లేకపోతే గింజ కంట్లో పడుతుంది. పడింది. కచ్చాపచ్చాగా, వెల్లుల్లి ముక్క ముక్కగా, మిరప తొక్క తొక్కగా కనిపిస్తున్నప్పుడే ఆపేయాలి. నూనెలో వేస్తే పెద్ద తునకలు మెత్తబడి తియ్యబడతాయి, చిన్నవి ఎర్రగా వేగుతాయి. అదే ఈ వంటకి పునాది.

మిరపకాయల గురించి ఒక ఒప్పుకోలు. మాది గుంటూరు వైపు. కారం విషయంలో నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి. ఇక్కడ ప్రిక్ ఖీ నూ అని చిటికెన వేలి గోరంత మిరపకాయ ఉంది. పేరుకి అర్థం ఎలకపెంట మిరప. పది దంచాను. రెండో ముద్దకి చెవుల్లో గుయ్‌మంది, నాలుగో ముద్దకి కళ్లలో నీళ్లు. మన ఎండుమిరప కారం నెమ్మదిగా ఎక్కి కూర్చుంటుంది. ఇది సూటిగా వచ్చి గుచ్చుకుంటుంది. కొత్త లెక్క రాసుకున్నాను: ప్రిక్ ఖీ నూ ఐదు, రంగుకీ కండకీ పొడుగాటి ఎర్ర మిరపకాయలు రెండు. ఆ పొడుగు రకాన్ని ప్రిక్ చీ ఫా అంటారు. ఆకాశంకేసి వేలు చూపే మిరప అని.

జూన్ 25, బుధవారం రాత్రి

వండలేదు. సాసుల పరీక్ష పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ అన్నీ చెంచాడు చెంచాడు పోసి దేవుడి మీద భారం వేస్తున్నాను. అందుకే నాలుగు చెంచాల్లో నాలుగూ పోసుకుని విడివిడిగా నాకి చూశాను.

నామ్ ప్లా: చేప నీళ్లు అని అర్థం. చిన్న సముద్రపు చేపలు, ఉప్పు కలిపి తొట్లలో ఏడాదీ ఆపైన మాగబెడితే దిగే రసం. సీసా మూత తీస్తే ఎండుచేపల బజారు. చెంచాలో వట్టి ఉప్పు, దాని వెనక మాంసం రసంలాంటి లోతు. చిన్నప్పుడు మెత్తళ్ల ఇగురు వాసనకి పారిపోయినవాళ్లకి ఇది కష్టం. పెరిగినవాళ్లకి ఇల్లు గుర్తొస్తుంది.

నామ్ మన్ హోయ్: ఆయిస్టర్ సాస్. చిక్కగా, తియ్యగా, ఉప్పగా. అన్నిటినీ పట్టి ఉంచే జిగురు ఇదే.

సీ ఇవ్ ఖావ్: పేరుకి తెల్ల సోయా, చూడ్డానికి గోధుమరంగు. పల్చగా, ఉప్పగా ఉంటుంది. సీ ఇవ్ దమ్: నల్ల సోయా. బెల్లంపాకంలా జారుతుంది. రుచి కంటే రంగుకే. దీన్ని కొలవకుండా వంచితే కూర తారురోడ్డు అవుతుంది, పోయిన శనివారం అయింది.

200 గ్రాముల మాంసానికి కుదిరిన లెక్క: ఆయిస్టర్ సాస్ ఒక పెద్ద చెంచా, నామ్ ప్లా ఒకటిన్నర చిన్న చెంచా, తెల్ల సోయా ఒక చిన్న చెంచా, నల్ల సోయా అర చిన్న చెంచా, పంచదార ఒక చిన్న చెంచా. అన్నీ ముందే ఒక గిన్నెలో కలిపి పెట్టుకోవాలి. పెనం ముందు నిలబడి ఒక్కో మూత తీసేలోపు వెల్లుల్లి మాడుతుంది. ఉట్టిది నాకితే ఉప్పెక్కువే అనిపిస్తుంది. ఇది ఉప్పు లేని అన్నంలో కలుపుకునే కూర, పచ్చడి లెక్కన చూడాలి.

జూన్ 28, శనివారం

గుడ్డు రోజు. ఖై దావ్ అంటే నక్షత్రపు గుడ్డు. దోసెల పెనం మీద చేసే ఆమ్లెట్టూ కాదు, హాఫ్‌బాయిలూ కాదు. అంగుళంలో సగం లోతు నూనె, బాగా కాగాలి. గుడ్డు చిన్న గిన్నెలోకి కొట్టుకుని, నూనెకి దగ్గరగా వంచి జార్చాలి. ఎత్తు నుంచి వేస్తే ఏమవుతుందో నా మణికట్టు మీద రూపాయంత మచ్చ చెబుతుంది.

జారగానే తెల్లసొన ఒక్కసారిగా పొంగి, బుడగలు లేచి, అంచులు గోధుమరంగు జాలీలా అల్లుకుంటాయి. చెంచాతో వేడి నూనె తీసి తెల్లసొన మీద పోస్తూ ఉండాలి, పచ్చసొన జోలికి పోకూడదు. నలభై యాభై సెకన్లు. తీసి పళ్లెంలో పెడితే అంచు అప్పడంలా విరగాలి, మధ్యలో కదిలించగానే పచ్చసొన కారాలి. ఈ కారే పచ్చసొన అలంకారం కాదు. కారం నాలుకకి తగలకముందే దాని మీద ఒక పూత వేస్తుంది. మనం ఆవకాయన్నంలో నెయ్యి వేసుకున్నట్టే. మొదటి మూడు గుడ్లు పోయాయి. నాలుగోది వచ్చింది. ఆ నూనెలోంచే రెండు చెంచాలు తీసి కప్రావ్ చేశాను, కొత్త నూనె కంటే అదే బాగుంది.

జూలై 5, శనివారం

మూడేళ్లుగా వాడుతున్న నాన్‌స్టిక్‌కి సెలవు. అడుగు చదునుగా ఉన్న ఇనప మూకుడు తెచ్చి, నూనె రాసి, మూడు సాయంత్రాలు కాల్చి నల్లబరిచాను. కోడి రొమ్ము మాంసం మానేసి తొడ మాంసం తెచ్చి కత్తితో నేనే కొట్టాను. యంత్రంలో ఆడించిన కైమా మెత్తగా పేస్టులా ఉండి ముద్దకడుతుంది. చేత్తో కొట్టిందైతే శనగగింజంత ముక్కలుగా ఉండి ప్రతి ముక్కకీ వేగిన మొహం ఒకటి ఉంటుంది. పా కొట్టు దగ్గర రోజూ పొద్దున్నే వినపడే టకటకలు ఇందుకే కాబోలు.

ఆ థాయి సహోద్యోగి, ఆమె భర్త భోజనానికి వచ్చారు. పళ్లెం నిండుగా కనపడాలని మన తెలివితేటలు చూపించి, పొడుగు బొబ్బర్లకాయలు తరిగి వేశాను. ఉల్లిపాయ కూడా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ దేశంలో దీని మీద పెద్ద పంచాయితీయే ఉందట. కప్రావ్‌లో బొబ్బర్లకాయలు, బేబీ కార్న్, ఉల్లిపాయ వేయొచ్చా అని అడిగితే అన్నదమ్ములు కూడా విడిపోతారన్నాడాయన. చాలా కొట్లలో వేస్తారు. వేసేది మాంసం మిగుల్చుకోడానికేనని తిట్టేవాళ్లు తిడతారు. ఆయన తిట్టే పక్షం. “బాగుంది, ఇంకొంచెం పెట్టు. కానీ దీన్ని కప్రావ్ అనకు” అన్నాడు. నా ఓటు కూడా ఆయనకే. కూరగాయలు నీళ్లు వదులుతాయి, ఆ నీళ్లలో ఆకు వాసన కొట్టుకుపోతుంది.

మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. ఈ పేరు రాయడంలో సగం కొట్ల బోర్డులు తప్పేనట. నిఘంటువు ప్రకారం మొదటి అక్షరం ‘క’. జనం దానికి అలవాటుగా రావత్తు తగిలించి ‘క్ర’ అని రాస్తారు. మాట్లాడేటప్పుడేమో ఉన్న రకారమే మింగేస్తారు. మనవాళ్లు ‘శ’లు ‘స’లు చేసుకున్నట్టే.

జూలై 12, శనివారం

మా ఆవిడ శనివారం నీచు ముట్టదు. తనకోసం విడిగా గట్టి టోఫూ, పుట్టగొడుగులతో చేశాను. పుట్టగొడుగులు ముందు వట్టి మూకుట్లో నీళ్లన్నీ పోయేదాకా వేయించి పక్కన పెట్టాలి. టోఫూని బట్టలో పిండి, చిదిపి, ఎర్రగా వేపాలి. ఆయిస్టర్ సాస్ బదులు పుట్టగొడుగులతో చేసే సాస్ దొరుకుతుంది, నామ్ ప్లా బదులు తెల్ల సోయా. బాగానే కుదిరింది, గుడ్డు లేని లోటు తప్ప. ఇక్కడ ఏటా ‘జే’ పండగ రోజుల్లో కొట్లకి ఎర్రక్షరాల పసుపు జెండాలు కడతారు. ఆ తొమ్మిది రోజులూ మాంసమే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా తినరు. కార్తీకమాసం చేసే మా అమ్మకి ఈ మాట చెబితే తులసి సంగతి మర్చిపోయి, “మంచివాళ్లేరా” అంది.

జూలై 19, శనివారం

ఇదీ కుదిరింది. పూర్తిగా రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ మర్చిపోతాను.

అన్నం హోమ్ మలి, అంటే జాస్మిన్ రైస్. మన సోనామసూరికి పోసినన్ని నీళ్లు పోస్తే గంజవుతుంది. గ్లాసు బియ్యానికి గ్లాసుంబావు చాలు. ఆకు ముందే కడిగి, బట్ట మీద ఆరబెట్టాను. గంట పట్టింది. తడి ఆకు వేస్తే పడ్డ కష్టమంతా ఆవిరైపోతుంది. కాడలు తీసేసి ఆకులు, లేత వెన్నులు మాత్రం ఉంచాను. వెన్నుల్లో ఘాటు ఎక్కువ. ఎంత ఆకంటే, రెండు చేతులా దోసిలి నిండా. ఇంతెందుకు అనిపిస్తుంది, మూకుట్లో పడ్డాక పిడికెడు అవుతుంది.

గుడ్డు వేపి పక్కన పెట్టాను. ఆ నూనె రెండు చెంచాలు మూకుట్లో. మధ్యరకం సెగ మీద దంచిన మిరప వెల్లుల్లి. ఇరవై సెకన్లకి కమ్మటి వాసన, పాతిక దగ్గర మొదటి తుమ్ము. ఆ తుమ్మే గంట కొట్టినట్టు. వెంటనే సెగ పూర్తిగా పెంచి 200 గ్రాముల మాంసం పరిచాను. అరనిమిషం దాన్ని ముట్టుకోలేదు. ఇదే అన్నిటికంటే కష్టం, చెయ్యి ఊరుకోదు. అడుగు ఎర్రబడ్డాక అట్లకాడతో విడగొట్టి తిప్పాను. రెండు నిమిషాలకి చుయ్‌మనే శబ్దం పోయి చిటపటలు మొదలయ్యాయి. నీళ్లు ఇగిరి నూనె మాట్లాడుతోందన్నమాట. సాసుల గిన్నె మూకుడు అంచు చుట్టూ పోశాను. అంచు మీద పడ్డ చేపరసం క్షణంలో పొగై, ఆ ఎండుచేపల కంపు కాస్తా కాల్చిన మాంసం వాసనగా మారిపోయింది. అరనిమిషం తిప్పి, మరీ పొడిగా ఉందని రెండు చెంచాల నీళ్లు చిలకరించాను.

పొయ్యి కట్టేశాను. అప్పుడు ఆకు. మూడే మూడు తిప్పులు. ఆకు వడలాలి, ఉడకకూడదు. సుగంధమంతా ఆ తైలంలోనే ఉంది, పొయ్యి మీద ఉంచితే తినేవాడి ముక్కుకి కాక వంటగది గోడలకి పోతుంది.

పక్కన చిన్న గిన్నెలో ప్రిక్ నామ్ ప్లా: నామ్ ప్లాలో మిరప చక్రాలు, వెల్లుల్లి పలుకులు, నిమ్మరసం. ప్రతి కొట్టు బల్ల మీదా ఉండేదే. గుడ్డు మీద అరచెంచా వేసుకుని, పచ్చసొన చిదిపి కలుపుకుని తిన్నాను. పా చేతిది ఇంకొంచెం తియ్యగా ఉండేదని గుర్తు. పంచదార ఒకటింబావు చెంచా చేయాలి. మా ఆవిడ తినే రోజు కాకపోయినా గిన్నె మీద వంగి వాసన చూసి, “గుళ్లో బిర్యానీ వండినట్టుంది” అంది.

ఆగస్టు 2, శనివారం

పా వచ్చేసింది. మనవరాలట. కొట్టు ముందు జనం. నేనూ స్టూలు మీద కూర్చుని తిన్నాను. పంచదార ఒకటిన్నర చెంచా. కాస్త ఎక్కువే తియ్యన. ఈసారి కళ్లు మూకుడు మీదే పెట్టాను. ఆమె ఆకు వేసేటప్పుడు పొయ్యి కట్టడం లేదు. అంత మంట మీదే వేసి, రెండే తిప్పులు తిప్పి, ఆకు వాడే లోపు పళ్లెంలోకి దించేస్తోంది. నాకింకా అంత చేతివాటం రాలేదు, కట్టేయడమే క్షేమం.

ఇంకో ప్రయోగం కూడా సాగుతోంది. జూలై 19 నాటి కట్టలో మిగిలిన మూడు కాడల్ని గ్లాసుడు నీళ్లలో పెట్టాను. పది రోజులకి తెల్లగా వేళ్లు తన్నాయి. ఇక బజారు ఖర్చు లేదని మొన్న గురువారం ఒక కుండీ తెచ్చి నాటి, బాల్కనీలో తులసి పక్కనే పెట్టాను, రెండింటికీ అక్కడొక్కచోటే ఎండ. ఇవాళ పొద్దున కత్తెర తీసుకుని వెళ్లి చూస్తే, రెండు కుండీలకీ నీళ్లు పోసి ఉన్నాయి, రెండింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. “ఒకదానికి పెట్టి ఒకదాన్ని వదిలేస్తామా?” అంది మా ఆవిడ.

కత్తెర సొరుగులో పెట్టేసి, సంచి పట్టుకుని ఆన్ నుట్ బజారుకి బయల్దేరాను.